తెల్ల కాగితం

ఉదయం తొమ్మిదిన్నరకు, మదీనాగూడలోని ఎవాంజెలిన్ ఫ్లాట్‌లో, పెంపుడు కొండచిలువ తల పైకెత్తింది. మళ్లీ దించలేకపోయింది.

పనిమనిషి సత్తెమ్మ అప్పటికింకా చూడలేదు. టబ్బులో నీళ్లు కలుపుతోంది. ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని, ఇంకాస్త చన్నీళ్లు పోసింది.

పాముకు పట్టిన పురుగులను ఎవాంజెలిన్ మైట్స్ అంటుంది. సత్తెమ్మకు అవి గొర్రెలకు పట్టే పిడుదుల్లాంటివే. పొలుసుల కింద చేరి రక్తం తాగుతాయి. డాక్టరు చెప్పినట్టు రోజూ పామును గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తల మునగకుండా పక్కనే కూర్చుంటోంది. గాజు తొట్టిలో కొబ్బరిపొట్టు తీసేసి తెల్ల కాగితం పరిచింది. రాలిన పురుగు దాని మీద నల్ల చుక్కలా కనబడుతుంది. మొదట్లో కాగితం నిండా చుక్కలే. ఇప్పుడు తగ్గాయి. డాక్టరు మరొకటి కూడా చెప్పాడు: ఇంట్లో ఉన్న ఏ మందూ కొట్టకూడదు.

"రా కొడుకా, స్నానానికి. మా ఆయనకు గూడ ఇంత సరిజూసి నీళ్లు కాయలే."

తొట్టి మూత తీసింది. పాము చేతికి చుట్టుకోలేదు. నోరు తెరిచి ఉంది.

"మేడమ్! జర ఇటు రాండ్రి!"

ఎవాంజెలిన్ లాప్‌టాప్ వదిలి వచ్చింది. డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఏమైనా స్ప్రే కొట్టారా?"

"లేదండి. సత్తెమ్మా, నువ్వేమైనా కొట్టావా?"

"ఏం కొట్టలే మేడమ్."

అది నిజమే.

"తొట్టిలో వాసన చూడండి."

ఎవాంజెలిన్ వంగింది. "ఆఫీసు బాత్రూమ్ వాసన వస్తోందండి."

సత్తెమ్మ తొట్టిలోని కాగితం వైపు చూసింది.

ఈ ఇంటికి రాకముందు ఆమె హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బాత్రూములు కడిగేది. కడిగి, తుడిచి, చివరికి సింకుల్లో కలరా ఉండలు వేసేది. సూపర్‌వైజర్ లోపలికి వచ్చేవాడు కాదు. గుమ్మంలో నిలబడి గాలి పీల్చి వెళ్లిపోయేవాడు. నిన్న సాయంత్రం తొట్టిని వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కాగితం మార్చాక కూడా ఆమెకు పని ముగిసినట్టు అనిపించలేదు.

కాగితం కింద ఎవరూ చూడలేదు. ఆమే ఒక మూల ఎత్తింది. కింద కలరా ఉండలు ఉన్నాయి.

"డాంబర్ గోలీలు ఏసిన మేడమ్. పురుగు మల్ల రావద్దని."

ఫోన్‌లో డాక్టరు గొంతు పెంచాడు. "వాటి ఆవిరి పాముకు విషం. వెంటనే బయటికి తీయండి. ఒళ్లు కడిగి తీసుకురండి."

నీళ్లు సిద్ధంగానే ఉన్నాయి. సత్తెమ్మ పాము తల పట్టుకుని ఒళ్లు కడిగింది. దిండు గలీబులో పెట్టి ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆల్విన్ చౌరస్తా ముందు ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది.

"జర జల్ది పోనియ్ అన్నా."

"ఎక్కడికి పోనియ్యాలె, బస్సు మీద్కెళ్లా? ఒళ్లె ఏంది, చంటిపిల్లనా?"

"పాము."

డ్రైవర్ మళ్లీ వెనక్కి చూడలేదు.

చౌరస్తా దాటకముందే గలీబులో కదలిక ఆగింది. సత్తెమ్మ ఆ మాట ఎవాంజెలిన్‌కు చెప్పలేదు. ఆసుపత్రి దాకా రెండు చేతులతో అలాగే పట్టుకుని కూర్చుంది.

ఖాళీ గలీబుతో ఇంటికి తిరిగి వచ్చాక ఎవాంజెలిన్ అంది: "నన్నొక్క మాట అడగాల్సింది సత్తెమ్మా."

"వాసనొస్తెనే పనైనట్టు మేడమ్, మాకు."

టబ్బులో నీళ్లు పారబోసింది. ఉండలు ఏరి కవర్లో కట్టుకుంది. ఫ్లాట్ తాళంచెవి షూరాక్ మీద పెట్టి, చెప్పులేసుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది. ఎవాంజెలిన్ పిలవలేదు.

నిన్న పరిచిన కాగితం తొట్టిలోనే ఉంది. ఒక మూల మడత పడి ఉంది. దాని మీద ఒక్క నల్ల చుక్క కూడా లేదు.