జ్వరం తగ్గిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూసి రిబ్కా భోరున ఏడ్చింది. సంతోషం పట్టలేక. బుధవారం పెనుగొలను మిరప చేలో పార జారి ఐజాక్ పాదం తెగింది. ఆరెంపీ డాక్టరు కట్టు కట్టి సూది పొడిచాడు. అయినా మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. ఇప్పుడు చల్లగా ఉంది. దేవుడు ప్రార్థన ఆలకించాడు, ఇంకేం కావాలి?

ఆటోలో తిరువూరు చర్చికి తీసుకెళ్లి అతన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టింది. సాక్ష్యాలు చెప్పే వేళకి అందరికంటే ముందు లేచింది.

"మా ఆయన జ్వరం చేత్తో తీసేసినట్టు పోయిందండీ. ప్రభువు ముట్టి బాగుచేశాడు."

"స్తోత్రం!" అన్నారంతా. కూలికి పోయే రిబ్కా వైపు అంతమంది ఒక్కసారిగా చూడటం అదే మొదలు.

గవర్నమెంటు నర్సు గ్లోరి మాత్రం వెనక్కి వెళ్లి ఐజాక్ చెయ్యి పట్టుకుంది. వేళ్లు మంచుముక్కలు. రొప్పుతున్నాడు. ఒకటడిగితే ఒకటి చెబుతున్నాడు.

"ఒంటేలుకి వెళ్లాడా అక్కా?"

"నిన్న మధ్యాహ్నం నుంచీ లేదు."

"ఇది తగ్గడం కాదక్కా. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి, పద."

రిబ్కా చుట్టూ చూసింది. "ఇప్పుడేగా సాక్ష్యం చెప్పాను! ఈ నోటితోనే ఆసుపత్రి అంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ? జనాన్ని వెళ్లనీ."

దేవుడికి లేని పట్టింపు ఈవిడకొచ్చింది. అందరూ వెళ్లేసరికి ఒంటిగంటన్నర. అప్పటికి ఐజాక్ పెళ్లాన్ని గుర్తుపట్టడం లేదు.

బెజవాడ ఆసుపత్రిలో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "పుండులోంచి క్రిములు రక్తంలోకి పోయాయమ్మా. వాటిని చంపడానికి ఒళ్లే కొన్ని రసాయనాలు వదులుతుంది. అవి హద్దు మీరాయి. రక్తనాళాలు కారిపోతున్నాయి, బీపీ పడిపోయింది. కిడ్నీలు ఆగాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దీన్నే సెప్సిస్ అంటాం."

"జ్వరం పోయింది కదండీ మరి?"

"ఒళ్లు చేతులెత్తేసినా కొందరు అలాగే చల్లబడతారు. ఎప్పుడు చల్లబడ్డాడు? ఒక్కో గంటా ముఖ్యం."

పక్కనే గ్లోరి నిలబడి ఉంది.

"మధ్యాహ్నం ఒంటిగంటకండి."

గ్లోరి నేలకేసి చూసింది.

మంగళవారం ఐజాక్ పోయాడు. డాక్టరు మంచివాడు. "మీ తప్పేం లేదమ్మా. తెలిసిన వెంటనే తెచ్చారు, మీరేం ఆలస్యం చెయ్యలేదు" అన్నాడు. రిబ్కా తలూపింది. గ్లోరి వచ్చి భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించి కొట్టింది. తన అబద్ధం తెలిసిన ఆ ఒక్క మనిషిని ఆమె ఈనాటికీ క్షమించలేదు.