మేనేజరు గారి ప్యాంటు

రాళ్ల క్వారీకీ వాగుకీ మధ్య ఉన్న మట్టిగట్టు మీద ముళ్లకాయ మొక్క ఒక్కటంటే ఒక్కటే మిగిలింది.

నాలుగేళ్ల క్రితం ఆ గట్టు మీద కాలు పెట్టే చోటుండేది కాదు. లారీ చక్రాలకు అంటుకుని ఎక్కణ్ణుంచో వచ్చిన ఆ పరాయి మొక్క గట్టంతా అల్లుకుని, నీళ్ల దాకా దిగింది. దాన్ని వేళ్లతో సహా పీకి, సంచుల్లో మూతి బిగించి పంపించినాయన్ని క్వారీలో అందరూ కలుపు మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. కాకపోతే గట్టు చుట్టూ తను కట్టిన తాడు దాటి పైకెక్కినవాళ్లెవరైనా కొబ్బరిపీచు బ్రష్షుతో ప్యాంటు దులుపుకోకుండా వెళ్లబోతే ఆయనొక చూపు చూసేవాడు. ఆ చూపుకి లారీ డ్రైవర్లు కూడా బడిపిల్లల్లా వెనక్కి వచ్చి దులుపుకునేవారు.

అలాంటి మాస్టారికి ఆ చివరి మొక్కని పీకడానికి చేతులు రావడం లేదు. కారణం అల్లుడు.

అల్లుడంటే లకుముకి పిట్ట. వాగు వైపు గట్టులో మూరెడు లోతు బొరియ తవ్వుకుని కాపురం పెట్టాడు. పనీపాటా లేనట్టు కొమ్మ మీద కూర్చుని అందరినీ కసురుతాడని మాస్టారు ఆ పేరు పెట్టాడు. బొరియలో పిల్లలున్నాయి. రెక్కలు రావడానికి ఇంకా పదిరోజులు పడుతుంది. క్వారీ అనుమతి కాగితంలో ఏముందంటే, గట్టు మీద ముళ్లకాయ ఉన్నన్నాళ్లూ ఆ మట్టి కదపకూడదు, కదిపితే గింజలు వాగంతా చేరతాయి. మొక్కలు సున్నా అయ్యాయని తనిఖీ ఆఫీసరమ్మ సంతకం పెట్టగానే తవ్వుకోవచ్చు.

"చిన్నప్పట్నుంచీ కాస్త బద్ధకం నేర్చుకోమంటే విన్నావా అన్నయ్యా?" అంది చెల్లెలు. ఆమె క్వారీ రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్ల ట్యాంకరు నడుపుతుంది.

"ఇప్పుడు నేర్చుకుంటున్నాగా. మూడు వారాలైంది దాని జోలికి పోయి."

"నీళ్లు కూడా పోస్తున్నావటగా?"

"ఎండకి తల వాల్చేస్తుంటే చూడలేకపోయానమ్మా."

అబద్ధం రాయడం మాత్రం ఆయన వల్ల కాలేదు. తాడు దగ్గరి బోర్డు మీద మూడు వారాలుగా "మిగిలినవి: 1" అనే ఉంది.

సోమవారం పదింటికి తనిఖీ. తొమ్మిదికే మేనేజరు కొత్త ఉన్ని ప్యాంటు వేసుకుని దిగాడు. తవ్వే యంత్రం కూడా గట్టుకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒక్క మొక్కకి మూడు వారాలా? పక్కకి జరగండి మాస్టారూ."

"సార్, కాయలు పండిపోయాయి. సంచి తొడిగి పీకాలి సార్."

"గడ్డి పీకడం కూడా నాకు నేర్పుతారా?"

తాడు దాటి, మొదలు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులా కావలించుకుని లాగాడు. మాస్టారు పోసిన నీళ్లకి మొక్క బాగా బలిసింది. మూడోసారికి మొక్కతో పాటు మేనేజరూ వెల్లకిలా పడి, గట్టు మీద నాలుగు పొర్లు పొర్లి, జుట్టు నిండా మట్టితో లేచాడు. కప్పు గెలిచినవాడిలా మొక్కని తల మీదికెత్తి, ఎక్కడ తవ్వాలో యంత్రం డ్రైవరుకి చూపిస్తూ గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు.

మాస్టారు బోర్డు మీద ఒకటి చెరిపి సున్నా చుట్టాడు. సున్నా కాస్తా సొట్టపోయింది.

మెడలో భూతద్దం వేలాడేసుకుని ఆఫీసరమ్మ వచ్చింది. మొక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాయలేవీ?"

ఆమె చూపు మేనేజరు మోకాళ్ల దగ్గర ఆగింది.

"మీరు ఒకసారి వెనక్కి తిరగండి."

తిరిగాడు. యంత్రం డ్రైవరు మర్యాదగా ఆకాశం వైపు చూశాడు. ఆఫీసరమ్మ గొంతుక్కూర్చుని ప్యాంటు మీది ముళ్లకాయలు లెక్కపెట్టింది. నలభై ఒకటి.

"మొక్కకి మొత్తం ఎన్నుండేవి?"

"అరవై మూడండీ," అన్నాడు మాస్టారు తలొంచుకుని. "పొద్దున్నే పలకరించేటప్పుడు లెక్కపెట్టేవాణ్ణి."

"అంటే ఇరవై రెండు గట్టు మీద రాలాయి. కాయకి రెండు గింజలు. ఒకటి ఈ ఏడు మొలిస్తే రెండోది దానికి బుద్ధి పుట్టినప్పుడు మొలుస్తుంది. మూడేళ్లు ఈ మట్టి కదపడానికి వీల్లేదు."

"మరి నేను వెళ్లొచ్చా?" అన్నాడు మేనేజరు నీరసంగా.

"మీరు వెళ్లొచ్చు. ప్యాంటు వెళ్లకూడదు."

ప్యాంటుని సంచిలో వేసి మూతి బిగించారు. మాస్టారు తన అన్నం డబ్బాకి చుట్టుకునే తువ్వాలు విప్పి దులిపి ఇచ్చాడు. మేనేజరు అది చుట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా ఆఫీసు గదికి నడిచాడు. ఆ తలుపు మూసుకునే దాకా మొత్తం క్వారీలో ఒక్కరూ నవ్వలేదు.

యంత్రం వెనక్కి వెళ్లిపోయింది. మాస్టారు బోర్డు మీద సున్నా చెరిపి "వెతకవలసినవి: 22" అని రాశాడు. మోకాళ్ల మీద వంగి గట్టంతా తడమసాగాడు. మొదటి కాయ సరిగ్గా బొరియ పైనే దొరికింది. అల్లుడు కొమ్మ మీంచి గట్టిగా కసిరాడు. లోపల్నుంచి పిల్లలు అందుకున్నాయి.

"వెళ్తున్నానయ్యా, వెళ్తున్నా," అంటూ మాస్టారు కాయని సంచిలో వేసి, బోర్డు దగ్గరికి పోయి 22 కొట్టేసి 21 వేశాడు. అటూ ఇటూ పరకాయించి, రెండోదాని కోసం మళ్లీ గట్టు వైపు పరిగెత్తబోయాడు.

ట్యాంకరు హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

"అన్నయ్యా!" అని అరిచింది చెల్లెలు కిటికీలోంచి. "మళ్లీ మొదలెట్టావా? మూడేళ్లుంది, కాసేపు కూర్చుని అన్నం తిను!"