ఎడమ పురి

మా ఆయన వెంకటప్పయ్య కొట్టుకి తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసే మనిషి. పాలు పలచగా ఉంటే ఎవరైనా పాలవాణ్ణి అడుగుతారు. ఈయన చిక్కగా ఉన్న రోజున కూడా, ఇవాళ ఇంత చిక్కగా ఎందుకు పోశావని నిలదీశాడు. అలాంటి మనిషి ఇంకొకరితో కలిసి కారు కొన్నాడు.

ఆ ఇంకొకరు మా చెల్లెలు చౌడేశ్వరి మొగుడు కోటిలింగం. మాది మంగళగిరి. తోడల్లుళ్ళిద్దరూ బెజవాడ పాతబస్తీలో కలిసి నేత చీరల కొట్టు పెట్టారు. ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉండేవాళ్ళం. పెరడు ఒకటే, బావి ఒకటే, రుబ్బురోలు ఒకటే. నేను పొత్రం తిప్పితే చౌడి పిండి ఎగదోసేది. యుద్ధం అయిపోయిన మరుసటేడు, దేశం వదిలిపోతున్న దొర ఒకాయన పాత అమెరికా కారు అమ్ముతుంటే, పెడన మగ్గాల దగ్గరికి తిరగడానికి బాగుంటుందని ఇద్దరూ కలిసి కొన్నారు. కోటిలింగం నడిపేవాడు. మా ఆయన అతని పక్కన, అంటే ఎడమ వైపు కూర్చుని, నడపడం సరిగా ఉందో లేదో చూసేవాడు. ఆయనకి నడపడం రాదు.

లోకంలో ఆయన నమ్మింది నూలు ఒక్కదాన్నే. కళ్ళు మూసుకుని బొటనవేలి గోరుతో తడిమి, పోగు ఎడమ పురి తిరిగిందో కుడి పురి తిరిగిందో చెప్పేవాడు. ఆ రెండూ కలిసిపోతే బట్ట పాడవుతుందని నేతగాళ్ళ ముందు గంటల తరబడి ఉపన్యాసం ఇచ్చేవాడు.

తాళం అలవాటు కారుకీ అంటుకుంది. రోజూ దీపాలు పెట్టేవేళ పానా పట్టుకుని నాలుగు చక్రాల నట్లూ బిగించి చూసేవాడు. ఒకనాడు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమే, కుడి పక్క నట్లు రాయిలాగా ఉన్నాయి. కదలవు. ఎడమ పక్కవి మాత్రం నేను పానా వేయగానే కిర్రుమని తిరుగుతున్నాయి. రోజూ బిగిస్తున్నా, మర్నాటికి మళ్ళీ అంతే."

"రోడ్లు బాగాలేవేమో."

"రోడ్డుకి ఎడమా కుడీ ఏంటే? ఎడమ పక్క కూర్చునేది ఎవరు?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన చాదస్తం నాకు కొత్త కాదు. కానీ ఆ మాట మాత్రం నాలో ముల్లులా దిగింది. కోటిలింగం రోజూ పొద్దున్నే పానా తీసుకుని కారు షెడ్డులోకి పోవడం నేనూ చూశాను. ఎడమ పక్కనే వంగేవాడు. నన్ను చూస్తే లేచి నిలబడి చేతులు తుడుచుకునేవాడు.

ఆ తర్వాత అన్నీ దానికే అతికాయి. చౌడి పంపిన కూరని మా ఆయన ముందుగా పిల్లికి పెట్టించాడు. పిల్లి తిని, ఇంకా కావాలని అరిచింది. "కొన్ని ఆలస్యంగా పనిచేస్తాయి" అన్నాడు ఆయన. గుమ్మంలో నిలబడి చౌడి అదంతా చూసింది. ఆ రోజు నుంచి మా వంటింట్లోకి రావడం మానేసింది. నేను లేని వేళ చూసి ఒక్కతే రుబ్బుకునేది. మొగుడు చేసే పని తెలిసే మొహం చాటేస్తోందని నాకు ఒళ్ళు మండింది. చంకనెత్తుకుని తిప్పిన పిల్ల అది, నన్ను చూసి పక్కకు తిరిగిపోతుంటే ఏడుపూ వచ్చేది.

చివరికి మా ఆయన ఒక ఉపాయం చేశాడు. పెడన ప్రయాణానికి ముందు సాయంత్రం అలవాటుగా నట్లు బిగించి, పానా తెచ్చి ఇనప్పెట్టెలో దాచేశాడు. పొద్దున కోటిలింగం షెడ్డంతా వెతికి మా గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నయ్యా, పానా కనపడటం లేదు."

"నాకేం తెలుసు? పానా లేకపోతే కారు నడవదా?"

"నడుస్తది. కానీ లేకుండా బయల్దేరకూడదు."

మా ఆయన నా వైపు చూశాడు. చూశావా, వదులు చేయడానికి వీల్లేక గిలగిల్లాడుతున్నాడు, అని ఆ చూపు. కోటిలింగం వెళ్ళి కారు తీశాడు. దారంతా ఎద్దుబండిలా నడిపాడట. చక్రం సంగతి తెలుసు కాబట్టే అంత నెమ్మదిగా పోతున్నాడని మా ఆయన లెక్క. కంకిపాడు దాటగానే ముందు ఎడమ చక్రం దగ్గర టప్పుమని చప్పుడై, బండి ఊగింది. దిగి చూస్తే చక్రాన్ని పట్టి ఉంచే స్టడ్డు ఒకటి విరిగి ఉంది. మిగతా నట్లు వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి. దారిన పోయే లారీవాడి పానా అడిగి బిగించుకుని, మిగిలిన నాలుగింటి మీదే ఎలాగో ఇల్లు చేరారు.

మర్నాడే పెరట్లో ఇటుకలు దిగాయి. బావికీ రోలుకీ మధ్య గోడ కట్టిస్తాననీ, కారు బాగుచేసి అమ్మేసి కొట్టు పంచేస్తాననీ మా ఆయన అందరి ముందూ చెప్పాడు. సోమవారం మేస్త్రీ వస్తాడన్నాడు. కోటిలింగం తల వంచుకుని విన్నాడు. తలుపు చాటున చౌడి ఏడుస్తోంది. నాకు కొట్టూ తెలియదు, వాటాలూ తెలియదు. నా చెల్లెలు గోడవతలకి పోతోంది, అదొక్కటే తెలుసు.

కారుని వర్క్‌షాపుకి పంపడానికి మా ఆయన ఒప్పుకోలేదు. అక్కడంతా కోటిలింగం స్నేహితులేనట, సాక్ష్యం మాయం చేస్తారట. "ఇంట్లోనే వేయాలి. స్టడ్డు నేనే కొనుక్కొస్తా. నువ్విక్కడ రెప్ప వేయకుండా చూడు" అని, ఇనప్పెట్టెలోని పానా తీసి కోటిలింగం ముందు పడేసి, నన్ను అరుగు మీద చేటతో సహా కాపలా కూర్చోబెట్టి గవర్నరుపేట వెళ్ళాడు.

నేను బియ్యం చెరుగుతున్నట్టు నటించాను. కోటిలింగం జాకీ వేసి బండి ఎత్తి, కింద ఆ గోడ ఇటుకలే పేర్చాడు. నట్లు విప్పి చక్రం తీశాడు, దాని వెనక డ్రమ్ము తీశాడు. విరిగిన స్టడ్డు మొండెం మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వెనక్కి ఊడి పడింది. దొంగపని చేసేవాడి చేతులు అలా ఉండవేమో అనిపించింది. వెంటనే, మంచి దొంగ చేతులు అలాగే ఉంటాయేమో అని కూడా అనిపించింది. మా ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేస్తే ఇదే వస్తుంది.

ఆయన తిరిగొచ్చి నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"ఏం చేశాడు?"

"పానా కుడివైపుకి తిప్పి నట్లు విప్పాడు."

"కుడివైపు తిప్పితే బిగుస్తాయే మొద్దూ! ఎడమకి తిప్పితే గానీ ఊడవు. చూడమంటే నిద్రపోయావా?" తర్వాత చిన్నగా నవ్వాడు. "కారు సామాన్ల షాపులో సంజీవరావు ఏం అడిగాడో తెలుసా? ఎడమ పక్కదా, కుడి పక్కదా అండీ, అని. ఏ పక్కదైతే వాడికెందుకు? కోటిలింగం ముందే చెప్పి పెట్టి ఉంటాడు. కుడి పక్కది అని చెప్పి తెచ్చా. తెలుసుకోమను ఇప్పుడు!"

కోటిలింగం కొత్త స్టడ్డుని డ్రమ్ము వెనక నుంచి దూర్చి సుత్తితో తట్టాడు. బిగుతుగా కూర్చుంది. నట్టు పెట్టి తిప్పాడు. ఎక్కలేదు. ఇంకో నట్టు తీశాడు. అదీ ఎక్కలేదు.

"నట్లు మార్చేశావు!" మా ఆయన గొంతు వీధిలోకి వినపడింది. "నేనటు పోగానే మార్చేశావు!"

"నట్లు అవే అన్నయ్యా. స్టడ్డే ఇది కాదు. ఇది కుడి పక్కది. ఎడమ చక్రాలకి మరలు తిరగేసి ఉంటాయి కదా, ఎడమకి తిప్పితేనే బిగుస్తాయి."

"ఎవరికి చెప్తావు కథలు?"

కోటిలింగం కొత్తదాన్ని వెనక్కి కొట్టి తీశాడు. విరిగిన పాత ముక్కని గుడ్డతో తుడిచాడు. రెండూ మా ఆయన చేతుల్లో పెట్టాడు.

ఆయన అలవాటు కొద్దీ బొటనవేలి గోరు పెట్టి కొత్తదాని మర తడిమాడు. తర్వాత పాతదాన్ని తడిమాడు. మళ్ళీ కొత్తది. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి మొహంలో నెత్తురు లేదు.

"ఇది ఎడమ పురి" అన్నాడు.

ఇటుకల మీద కూలబడ్డాడు. చౌడి తలుపు చాటు నుంచి బయటికొచ్చింది.

"నువ్వు పొద్దున్నే పానా పట్టుకుపోయి..." అన్నాడు మా ఆయన.

"బిగించేవాణ్ణి. రోజూ వదులుగానే ఉండేవి. సాయంత్రం మీరు తిప్పుతుంటే చూశా. నేను చేతగాని డ్రైవర్నని నలుగురిలో తేల్చి కొట్లోంచి పంపించెయ్యటానికి, కావాలనే వదులు చేస్తున్నారనుకున్నా. చౌడికి తప్ప ఎవరికీ చెప్పలా."

"మరి పానా లేకుండా ఆ రోజు ఎందుకు బయల్దేరావు?"

"రానంటే మీరేమనుకునేవారు అన్నయ్యా?"

ఏమనుకునేవాడో అందరికీ తెలుసు. రోజూ సాయంత్రం ఆయన తన ప్రాణాన్ని తన చేత్తోనే వదులు చేసి వస్తే, రోజూ పొద్దున కోటిలింగం దాన్ని బిగించాడు. బిగించనివ్వని ఒక్కరోజే విరిగింది. నాకు మా ఆయన మీద కోపం వచ్చింది, జాలి వేసింది, నా మీద నాకు అసహ్యం వేసింది. చౌడి మొహం చూడలేకపోయాను.

ఆయన లేచి, భుజం మీద కండువా కూడా మర్చిపోయి మళ్ళీ గవర్నరుపేట వెళ్ళాడు. సంజీవరావు నోరు తెరవకముందే, ఎడమ పక్కదివ్వండి అన్నాడట. కొత్త స్టడ్డు కూర్చుంది. నట్టు వేళ్ళతోనే సాఫీగా ఎక్కింది. చక్రం పెట్టాక కోటిలింగం పానా ఆయనకి అందించాడు.

"మీరు బిగించండి."

ఆయన చెయ్యి అలవాటుగా కుడివైపుకే పోయింది. ఆగింది. తర్వాత ఎడమకి తిప్పాడు, ఒక్కొక్కటీ, చెమటలు కారేదాకా. అయ్యాక పానా చాచాడు.

"నువ్వోసారి లాగి చూడు కోటీ."

"మీరు బిగించారుగా" అన్నాడు కోటిలింగం. పానా తీసుకుని, నట్టు ఒక్కటి కూడా ముట్టుకోకుండా సీటు కింద పడేసి, కారెక్కి స్టార్టు చేశాడు. "రండి, బందరు రోడ్డు దాకా పోయొద్దాం."

మా ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. తర్వాత ఎక్కి, ఎడమ పక్క కూర్చున్నాడు.

కారు వీధి మలుపు తిరిగింది. పెరట్లో నేనూ, చౌడీ, ఇటుకలూ మిగిలాం. చౌడి వెళ్ళి రోలు కడగడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, పప్పు నానేశావా?"

"నానేశా" అన్నాను. నానెయ్యలేదు. వంటింట్లోకి పరిగెత్తి, కళ్ళు తుడుచుకుంటూ, డబ్బాలో ఉన్న మినప్పప్పంతా గిన్నెలో పోసి నీళ్ళు కుమ్మరించాను.