నిచ్చెనల బిల్లుకు కోరం

గదికి తాళం తీయించాలి. సభ్యుల పేర్ల పలకలు సీనియారిటీ ప్రకారం వరసగా పెట్టాలి; పోయినసారి ఒక పలక తారుమారైతే ఇద్దరు పెద్దమనుషులు వారం రోజులు మొహాలు చూసుకోలేదు. మైకులు ఊది చూడాలి. రెండు బిల్లుల కాపీలూ వేర్వేరు రంగుల అట్టల్లో పెట్టాలి. టూరిజం వాళ్ళు పంపే ఫోటోగ్రాఫరుకు పాసు రాయించాలి. విస్కాన్సిన్ నుంచి వస్తున్న హౌగెన్ గారి నిచ్చెనను పోలీసులు గుమ్మం దగ్గర ఆపేయకుండా చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, పదిహేడు మంది సభ్యుల్లో కనీసం తొమ్మిది మంది ఒకేసారి ఒకే గదిలో కూర్చునేట్టు చెయ్యాలి.

ఆ చివరి పని తప్ప మిగతావన్నీ మార్లీన్ సోబొట్కా కాఫీ చల్లారేలోపే ముగించేసింది. ఒమాహాలో మాంసం ప్యాకింగు కార్ఖానాలో పని చేసే మనిషి కూతురు. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఉపసంఘానికి సిబ్బందిగా చేరి మూడో ఏడు. చేతిలోకి తీసుకున్న పని అయి తీరుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని అడిగితే, ఇప్పటిదాకా అయ్యాయి కదా అనేది.

పెట్రోలు బంకుల దగ్గర కార్లు బారులు తీరిన సంవత్సరం అది. వేసవి సెలవులకు సభ మూతపడబోయే ముందు ఉపసంఘానికి మిగిలింది ఆ ఒక్క సమావేశమే. వాణిజ్యం, పర్యాటకం రెండూ వాళ్ళ కిందికే వస్తాయి కాబట్టి రెండు బిల్లులు ఒకే పూట పెట్టారు. దేశానికి పర్యాటక విధానం ఒకటి ఉండాలనేది ఒక బిల్లు. అందులో సరస్సులు, కొండలు, కోటలు ఉన్నాయి. దాన్ని కాదనేవాడు లేడు. రెండోది బీమా బిల్లు. దానికి పర్యాటకులు లేరు, పోస్టర్లు లేవు.

ఆ రెండో బిల్లు కోసమే, నిచ్చెనలు చేసి అమ్ముకునే ఆన్సెల్ హౌగెన్ తన చేత్తో చేసిన నిచ్చెన ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరో ఎక్కడో నిచ్చెన మీంచి పడి కోర్టుకెళితే చేసినవాడు నష్టం కట్టాలి. అందుకు బీమా కావాలి. హౌగెన్ నిచ్చెన మీంచి ఇంతవరకూ ఎవరూ పడలేదు. అయినా బీమా కంపెనీ ఈ ఏడాదితో సరి అని చెప్పేసింది. నిచ్చెనలు, గడ్డి కోసే యంత్రాలు, పడవలు చేసే చిన్న వ్యాపారులంతా కలిసి తమ బీమా తామే నడుపుకుంటామంటే, ఒక్కో రాష్ట్రం ఒక్కో అడ్డం. అన్ని రాష్ట్రాలకూ వర్తించే చట్టం వస్తే తప్ప దారి లేదు. బిల్లు ఉపసంఘం దాటిందని తెలిస్తే శీతాకాలం దాకా తన సరుకు తీసుకుంటామని టోకు వ్యాపారి మాటిచ్చాడు. దాటకపోతే కొట్టు మూతే.

"ఏమమ్మా, ఇవాళ తేలిపోతుందా?" అన్నాడు హౌగెన్, నిచ్చెన గోడకు ఆనించి.

"తేలిపోతుందండీ. మీ బిల్లు ముందు పెట్టాను. టూరిజం తర్వాత. దానికోసం వచ్చినవాళ్ళు మీ బిల్లు అయ్యేదాకా కదలరు."

"తెలివైనదానివే."

"చెయ్యి కాలాక వచ్చిన తెలివి," అని నవ్వింది. ఆ సంఘంలో అదో పాత అలవాటు. అందరికీ ఇష్టమైన బిల్లు ముందు పెడతారు. అది అయ్యాక ఒక్కొక్కరే జారుకుంటారు. సగానికి మించి సభ్యులు గదిలో లేకపోతే కోరం లేనట్టే, బిల్లును పైకి పంపడం కుదరదు. అలా ఎన్నో మంచి బిల్లులు ఎవరూ వద్దనకుండానే చచ్చిపోయాయి.

చైర్మన్ ఎల్వుడ్ ప్రెంటిస్ గారు సభ మొదలుపెట్టడానికి సుత్తి అందుకోబోతుంటే మెయిన్ రాష్ట్రం సభ్యురాలు విల్మా టాగార్ట్ చెయ్యెత్తింది. "చైర్మన్ గారూ, నాకు విమానం ఉంది. సాయంత్రం మా ఊళ్ళో సభ. టూరిజం ముందు తీసుకుంటే ఓటేసి పోతాను."

"దానికేం భాగ్యం!" అన్నారు ప్రెంటిస్ గారు. మార్లీన్ వెనకనుంచి ముందుకు వంగేలోపే సుత్తి పడింది.

టూరిజం బిల్లు సాగిందంటే సాగింది. ఒక్కొక్కరూ తమ నియోజకవర్గంలోని జలపాతం గురించి, గుహ గురించి, పెద్ద చేప బొమ్మ గురించి మైకులో చెప్పారు. రికార్డులోకి ఎక్కాలి కదా. చివరికి అందరూ అవునన్నారు. టాగార్ట్ సంచీ తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఆమె వెనకే థర్మన్ లెడ్‌బెటర్ లేచాడు. బీమా బిల్లంటే గిట్టని మనిషి. ఓడించడానికి చాలినన్ని ఓట్లు లేవని తెలుసు, కాబట్టి కాళ్ళకు పని చెప్పాడు. "నాకు ఇంకో మీటింగుంది సోదరులారా," అంటూ తన జట్టు వాళ్ళ కుర్చీలు తట్టాడు. వాళ్ళూ లేచి ఆయన వెంట బయటికి నడిచారు.

మిగిలినవాళ్ళు కూడా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. మార్లీన్ ఒక్క ఊపులో చైర్మన్ చెవి దగ్గరికి చేరింది. ఆయన కళ్ళు చిట్లించి విని, తలూపి, మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఫోటో ఉంది. పోస్టర్ల ముందు అందరం కలిసి. మీ మీ ఊళ్ళ పేపర్లకు పంపిస్తారట. రెండో బిల్లు కాగానే తీస్తారు."

లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. ఒకాయన దువ్వెన తీశాడు.

ఫోటోగ్రాఫరు అటూ ఇటూ తిరిగి పెదవి విరిచాడు. "అందరూ పట్టరు. కాస్త ఎత్తు నుంచి తియ్యాలి."

"ఎత్తు నా దగ్గరుంది," అని హౌగెన్ నిచ్చెన తెచ్చి గది మధ్యలో విప్పాడు.

ఫోటోగ్రాఫరు అనుమానంగా మెట్టు నొక్కి చూశాడు. "పడిపోనుగా?"

"పడవు బాబూ. కానీ బీమా కంపెనీ దృష్టిలో నువ్వు ఇప్పటికే పడిపోయావు!"

గది గొల్లుమంది. దువ్వెనాయన కళ్ళజోడు సవరించుకుని, "అసలు ఈ బిల్లు సంగతేమిటి?" అని మొదటిసారి అట్ట తెరిచాడు. హౌగెన్ నిచ్చెన పక్కనే నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పాడు. సభ్యులు ప్రశ్నలడిగారు. ఫోటోగ్రాఫరు పైనే కూర్చుని విన్నాడు.

మార్లీన్ తలలు లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. ఎన్నిసార్లు చూసినా ఎనిమిదే.

"సార్, ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యండి," అని చైర్మన్ చెవిలో చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగున మెట్లు దిగింది.

విల్మా టాగార్ట్ వీధి గుమ్మంలో, అప్పటికి దొరికిన టాక్సీ తలుపు తెరిచి నిలబడి ఉంది.

"మేడమ్! ఒక్క మాట."

"ఏం మార్లీన్, చెప్పులు వేసుకోవడం మర్చిపోయావా?"

"ఒకరు తక్కువయ్యారు మేడమ్. లెడ్‌బెటర్ గారు తన వాళ్ళని లేపుకుపోయారు. మీరొస్తే సరిపోతుంది."

"నేనే టూరిజం ముందు పెట్టమన్నాను కదూ?"

"అవును మేడమ్." మార్లీన్‌కు చుట్టూ తిప్పి చెప్పడం రాదు.

"ఇవాళ మా ఊళ్ళో ఏముందో తెలుసా? నా మీద పోటీ చేసేవాడితో ఒకే వేదిక మీద చర్చ. వాడు ఊరూరా తిరిగి ఏమంటున్నాడంటే, విల్మా వాషింగ్టన్‌లో కాపురం పెట్టేసింది, మన మొహం కూడా మర్చిపోయింది, అని. నా కుర్చీ ఖాళీగా కనిపిస్తే వాడికి పండగే."

"తెలుసు మేడమ్. రమ్మని అడగడం తేలిక, రావడం తేలిక కాదు. కానీ మీ సరస్సులు చూడ్డానికి జనం రావాలని ఇందాక ఓటేశారు. వచ్చినవాళ్ళు ఎక్కే పడవలు చేసేది మీ ఊరి వాళ్ళేగా. వాళ్ళకీ బీమా లేదు. పోయిన వేసవిలో ఇద్దరు కొట్లు మూసేశారు."

టాగార్ట్ టాక్సీలోకి చూసింది. డ్రైవరు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

"అసలు నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"అదే అనుకున్నా. పంపితే చెప్పులేసుకుని వచ్చేదానివి." టాక్సీ తలుపు మూసేసింది. "నువ్వెళ్ళవయ్యా. ఇంకెవరినైనా ఎక్కించుకో."

రెండో అంతస్తులో, గది బయట, లెడ్‌బెటర్ స్తంభానికి ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు. టాగార్ట్‌ని చూసి చుట్ట నోట్లోంచి తీశాడు.

"విల్మా, నీ విమానం?"

"ఎగిరిపోయింది థర్మన్. నీ మీటింగు?"

ఆమె ఆగకుండా తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. చైర్మన్ అప్పటికి ఆరో ప్రశ్న వేసి, ఏడో ప్రశ్న దొరక్క నీళ్ళు తాగుతున్నారు. ఆమె కుర్చీలో కూర్చోవడం చూసి గ్లాసు కింద పెట్టి, సుత్తి ఎత్తారు. పేర్లు పిలిచారు. "అవును" అన్న మాట తొమ్మిది గొంతుల్లో తొమ్మిది రకాలుగా వినిపించింది. బిల్లు పైనున్న పెద్ద సంఘానికి వెళ్ళిపోయింది.

హౌగెన్ నిచ్చెన మెట్టును ఒకసారి తట్టాడు. తర్వాత వరండాలోని టెలిఫోను ఎక్కడుందో అడిగాడు. కొట్టులో మనుషులు అతని ఫోను కోసమే పని ఆపుకుని కూర్చున్నారు.

మార్లీన్ టాగార్ట్ దగ్గరికి వెళ్ళింది. "రాత్రికి బోస్టన్ దాకా ఒక విమానం ఉంది మేడమ్. టికెట్టు మార్పిస్తాను."

"అప్పటికి సభ అయిపోతుంది."

"అవును. అయినా అక్కణ్ణుంచి కారులో వెళితే తెల్లారేసరికి ఊళ్ళో ఉంటారు. ఎందుకు రాలేదో మీ నోటితోనే చెప్పొచ్చు."

"చెబుతాను. వినేవాళ్ళు వింటారు." ఆమె నవ్వి, మార్లీన్ పాదాల వంక చూసింది. "ముందు నువ్వా చెప్పులేసుకో."

ఆమె వెళ్ళి చెప్పింది. వినేవాళ్ళు విన్నారు, కానీ చాలలేదు. ఖాళీ కుర్చీ ఫోటో పేపర్లో పడింది. పార్టీ టికెట్టు కోసం జరిగిన లోపలి పోటీలో కొద్ది తేడాతో ఓడిపోయి, జనవరిలో ఆఫీసు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. పెట్టెలు కట్టడానికి మార్లీన్ వెళితే, బాధపడ్డట్టు ఒక్క మాట అనలేదు. "మళ్ళీ అడిగితే మళ్ళీ వస్తానే పిల్లా. ఈసారి మాత్రం కాస్త ముందుగా అడుగు," అంది.

మార్లీన్ ఆ తర్వాత చాలా బిల్లులు గట్టెక్కించింది. చట్టాల మీద సంతకం పెట్టినవాళ్ళ పేర్లుంటాయి, ప్రవేశపెట్టినవాళ్ళ పేర్లుంటాయి. కోరం నిండడానికి టాక్సీ వదులుకుని వచ్చినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. అందుకే చదివేవాళ్ళకు ఒక విన్నపం. మెయిన్ రాష్ట్రంలో, సరస్సుల పక్క ఊళ్ళో, విల్మా టాగార్ట్ అని ఒకావిడ ఉండేది. ఆమెను గుర్తుపెట్టుకోండి.