ఆగిన చక్రం మీద వేలు

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి, తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి, యాభై దాటాక బలపం పట్టిన చెయ్యి ఇది, ఒక మాట రాసేలోపు నాలుగు మాటలు తలలోంచి జారిపోతాయి, కానీ ఆ చక్రం నా కోసం ఆగదు కదా, ఇదిగో మా అమ్మాయి దాన్ని షెడ్డులో బల్ల మీద బిగిస్తోంది, జానెడు వెడల్పు ఫైబరు బిళ్ల, అంచు చుట్టూ ఎనిమిది రాగి ముక్కలు, మధ్యలో కుట్టుమిషను మోటారు ఇరుసు, అచ్చం వాళ్ల నాన్న చేసినట్టే, ఆ రాగి ముక్కల్ని ఆకురాయితో నున్నగా అరగదీసింది నేనే, వాటి మీద రాసుకుంటూ కరెంటు అందించే బ్రష్షుకి ఎక్కడా తగులుకోకూడదని వేలితో తడిమి తడిమి చూశాను, వేలు, వేలి మాట వద్దు, ఇప్పుడు వద్దు.

ఏంటమ్మా అలా కొయ్యబారిపోయావు, ఇటు రా, అంటోంది, కాలేజీ ల్యాబులో పిల్లలకి ఇది చూపిస్తుందట, బ్రష్షు కిందికి రాగి వస్తే కాయిల్లోకి కరెంటు వెళుతుంది, రాగి దాటిపోగానే తెగుతుంది, తెగిన ప్రతిసారీ కాయిల్ కొసన మెరుపు, కలిపినప్పుడు కాదమ్మా, తెంపినప్పుడే అది తన్నేది, అని నాకు పాఠం చెబుతోంది, ముప్పై ఏళ్లు మోటార్లకి తీగ చుట్టినదాన్ని, చెప్పండి మేడమ్ చెప్పండి, అన్నాను, నవ్వాను కూడా, స్విచ్చుల దగ్గర నువ్వుండు, నేను ఆపమనగానే ఆపెయ్, అంది, తెలిసే అందా, తెలియక అందా, దానికి ఎలా తెలుస్తుంది, నేను ఎవరికీ చెప్పందే.

ఆ రోజు మా ఆయన కూడా నన్ను అక్కడే నిలబెట్టాడు, బోర్డు మీద రెండు స్విచ్చులు, వాటి కింద ఏదో రాసి ఉంది, నాకు అది చీమల బారు, ఎడమది వేస్తే చక్రం తిరుగుతుందని చూసి పెట్టుకున్నాను, కుడిది ఆయనే వేశాడు, ఒక్కసారిగా చిటపటలు, నీలం వెలుగు, ముక్కుపుటాలు మండే వాసన, చక్రం వణకడం మొదలైంది, ఆపవే, ఆపు, అని అరిచాడు, నాకు తెలిసిన స్విచ్చి కట్టేశాను, రొద తగ్గింది, తగ్గి తగ్గి పోయింది, మెరుపు లేదు, చప్పుడు లేదు, ఆపేశావా అన్నాడు, ఆఁ ఆపేశాను అన్నాను, ఎంత ధీమాగా అన్నానో, ఆయన ఎడమ చెయ్యి కాయిల్ కొస మీద ఆనించి కుడి చేతి వేలితో చక్రాన్ని కాస్త తిప్పాడు, ఎక్కడ పట్టేస్తోందో చూద్దామని, అంతే.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు, నన్నెవరూ ఏమీ అడగలేదు, మరుసటి ఏడు పలక కొనుక్కుంటే, ఏం వదినా, ఏ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉందేంటి, అని మరిది వేళాకోళం చేశాడు, వాడికేం తెలుసు, నేను మొదట నేర్చుకున్న మాట అమ్మ కాదు, ఆవు కాదు, మోటారు, రెండోది కాయిల్, ఆ రెండూ కూడబలుక్కుని షెడ్డులోకి వెళ్లి ఆ పాత బోర్డు చదివాను, ఎడమది మోటారు, నేను ఆపింది మోటారుని, చక్రం ఆగింది గానీ రాగి సరిగ్గా బ్రష్షు కిందే ఆగింది, కరెంటు కిక్కురుమనకుండా పారుతూనే ఉంది, దాన్ని తెంపింది ఆయన వేలు.

వెయ్యమ్మా, అంటోంది అమ్మాయి, వేశాను, రెండూ వేశాను, అదే చిటపట, అదే వాసన, లోపల ఎక్కడో మర వదులైందేమో చక్రం టకటకా కొట్టుకుంటోంది, ఆపమ్మా ఆపు, బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి, కళ్లలోకి చెమట, కా, కా పక్కన యి, కుడిది, కట్టేశాను, తర్వాత ఎడమది, చక్రం నెమ్మదించింది, ఆగింది, దేవుడా, మళ్లీ రాగి మీదే ఆగింది, అమ్మాయి వేలు చాపింది.

ముట్టుకోకు, అని అరిచానట, నా గొంతని నాకే తెలియలేదు, ఆపేశావుగా, అంది అది, అదే ప్రశ్న, బోర్డు వంక చూడలేదు, చక్రం వంకా చూడలేదు, నా మొహంలోకి చూసింది, వాళ్ల నాన్న చూసినట్టే, ఆఁ అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను, నన్ను అడక్కు తల్లీ, నువ్వే వచ్చి చూసుకో, మీ నాన్న అడిగితే ఆపేశాననే చెప్పాను, నేను ఆపింది మోటారునే, అన్నాను, అది వెళ్లి కాయిల్‌కి కరెంటిచ్చే బ్యాటరీ తీగ ఊడదీసి, తెచ్చి నా గుప్పిట్లో పెట్టి నా వేళ్లు మూసింది, ఇది నీ చేతిలో ఉన్నప్పుడే నేను దాని జోలికి వెళ్తాను, సరేనా, అంది, తీగ చల్లగా ఉంది, ఇన్నేళ్లూ చదువు రాకే ఆయన్ని పోగొట్టుకున్నాననుకుంటూ దిద్దిందే దిద్దాను, ఏది ఆపానో నాకు తెలియదండీ, అని ఆ పూట ఒక్క మాట అనడానికి అక్షరాలు అక్కర్లేదు, సిగ్గుపడ్డాను, అంతే.

రాసింది వైండింగ్ షాపులో అందరూ తీగలమ్మ అనే నేను, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉంటున్నది కూతురి దగ్గర, షెడ్డు పక్క గదిలో.