ఎలుకల ఇంట్లో తాళాల గుత్తి

ఆ రోజు ఎలుకల ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: అత్త, తాళాల తాత, ఇంకా పిల్లలు కనని పన్నెండు ఆడ ఎలుకలు, వేరే తల్లుల దగ్గర నుంచి తెచ్చిన చిక్కుడు గింజంత ఎర్రటి కూనలు, మూలన స్టూలు మీద డైరీ పట్టుకుని కూర్చున్న మేనకోడలు. ప్రయోగశాలలో ఆ గదిని అందరూ ఎలుకల ఇల్లనే అంటారు.

నడిస్తే చప్పుడు కాదని మేనకోడలికి తాత పెట్టిన పేరు పిల్లి. "ఎలుకల ఇంటికి పిల్లిని తెచ్చావేంటమ్మా!" అని సెలవుల మొదటి రోజే అత్తను ఆటపట్టించాడు. పిల్లి తల వంచుకుని నవ్వింది. నలుగురిలో నోరు పెగలదు దానికి. చెప్పుకునేదంతా డైరీతోనే.

అత్త పని ఒక పెప్టైడ్ మీద. అంటే బుల్లి ప్రోటీను ముక్క. మెదడు కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లలో అదీ ఒకటి. గూటికి దూరమైన కూన మనిషి చెవికందనంత సన్నగా కూస్తుంది. పిల్లలు కనని ఎలుక ఆ కూతను పట్టించుకోదు. ఈ పెప్టైడే మందుగా పడితే, కూత వినే కణాలు చురుకై, పరాయి కూననైనా నోట కరుచుకుని గూటికి చేరుస్తుందని అత్త నమ్మకం. సగం ఎలుకలకు మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్లు. మందు ఎవరికి పడిందో తెలిసిన కళ్లు ఆశపడతాయి కదా! అందుకే సూదులు వేసి అత్త బయటికి పోయేది, ఏమీ తెలియని తాత చూసి రాసేవాడు.

మూడు వారాలైంది. ఏదో ఒకటి రెండు రోజులు తప్ప ఎలుకలు ఉలకవు, పలకవు. ఇవాళ తేలకపోతే గది ఇంకొకరికి ఇస్తానని ప్రయోగశాల పెద్దసారు చెప్పేశారు.

"నా మందే తప్పేమో బాబాయ్," అంది అత్త ఇవాళ్టి సూదులు వేయడం ముగించి, తాతతో నీరసంగా.

పిల్లి డైరీ తిరగేసింది. ఎలుకలు కూనల దగ్గరికి పరుగెత్తినవి రెండే రోజులు. రెండు పేజీల్లోనూ ఒకటే మాట: 'ఈరోజు తాత సెలవు. పక్క గది అక్క వచ్చి చూసింది. గది బోసిపోయింది.' చెబితే తాత నొచ్చుకుంటాడు. చెప్పకపోతే అత్త గది పోతుంది. నోరు రాక, డైరీ తెరిచి అత్త చేతిలో పెట్టింది.

అత్త చదివి తాత నడుము వైపు చూసింది. అక్కడ ముప్పై తాళంచెవుల గుత్తి. ఆయన ఊపిరి పీల్చినా అది ఘల్లుమంటుంది.

"ముప్పై ఏళ్లుగా ఉందమ్మా. ఏ ఎలుకా ఫిర్యాదు చెయ్యలేదే!"

"చేసినా మనకు వినపడొద్దూ! ఆ ఘల్లులో మన చెవికందని కీచు కూడా ఉంటుంది బాబాయ్. కూన గొంతు అందులో మునిగిపోతోంది."

తాత మొహం చిన్నబోయింది. "గుత్తిని వదిలి ఉండకూడదు, అది నా ఉద్యోగం. దాంతోపాటు నేనూ బయటికే," అంటూ లేచాడు. ఘల్లుఘల్లు వరండా చివరికి పోయి ఆగింది.

నాలుగో పెట్టెలో ఒక ఎలుక చెవులు రిక్కించింది. మూలనున్న కూన దాకా వెళ్లి వాసన చూసింది. అత్త చప్పున మొహం తిప్పుకుంది. తన మొహం చూసి పిల్లికి ఏమీ తెలియకూడదుగా!

"చూసేది ఇక నువ్వే," అంది.

"నేనా? ఒక్కదాన్నేనా అత్తా?"

వరండా చివర నుంచి తాత గొంతు వినిపించింది. "ఎలుకకు పిల్లి సాక్ష్యమా! కానివ్వు తల్లీ, ఈ పిల్లి అబద్ధమాడదు."

పిల్లి కొత్త పేజీలో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసింది. అత్త బయటికి నడిచి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు మూసింది.