సరి సగం మాత్రలు

మా సరస్సు ఒడ్డున వానలు మొదలయ్యాయంటే ఇంటికొకరు మలేరియాతో వణుకుతారు. పోయినేడు మా రెండేళ్ల పాప అడోయోకి మూడుసార్లు వచ్చింది. మూడోసారి పిల్ల దక్కుతుందనుకోలేదు. అందుకే ఎర్ర మాత్ర మేలా, తెల్ల మాత్ర మేలా తేల్చడానికి పట్నం నుంచి డాక్టర్ కిప్రోనో వస్తే, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకొచ్చే పనిలో చేరాను. వచ్చే వానలకి నా కూతురికి ఏది వేయాలో ముందే తెలుస్తుందని ఆశ.

లాటరీ తీసి జ్వరాల పిల్లలకి మందు ఇచ్చారు. ఒగుటు ముసలాయన పెద్ద భార్య కొడుక్కి ఎర్రది, చిన్న భార్య కూతురికి తెల్లది వచ్చాయి. మర్నాడు నేను వెళ్లేసరికి ఆయన చేపల కత్తితో మాత్రలు సగాలు కోస్తున్నాడు.

"అదేం పని పెద్దాయనా!"

"ఒక్క పెళ్లాంగాడివి, నీకేం తెలుసురా? ఈ వాకిట్లోకి చేపొచ్చినా, చక్కెరొచ్చినా రెండిళ్లకీ సమానం. ముందు పెద్దదానికి, తర్వాత చిన్నదానికి. ఒకదానికి ఎర్రది, ఇంకోదానికి తెల్లది ఇచ్చి నేనెక్కడ పడుకోను?"

ఊరంతా ఇదే ధర్మం. సవతులు లేని ఇళ్లలో తోడికోడళ్లు పంచుకున్నారు. జ్వరం తగ్గిందా లేదా అన్నది కాక, మందు గురించి ఫారంలో ప్రశ్న ఒక్కటే: మాత్రలు అయిపోయాయా? అయిపోయాయి. టిక్కు పెట్టాను. అబద్ధమైతే కాదు కదా!

పంచుకోని ఇల్లు ఒజ్వాంగ్‌ది ఒక్కటే. అతని ఇద్దరు భార్యలకీ నాలుగేళ్లుగా మాటల్లేవు. వాళ్ల మధ్యకి వెళ్లే ధైర్యం అతనికీ లేదు. అక్కడ ఎర్రది మింగిన పిల్లాడు మూడో రోజుకి మేకల వెంట పరిగెత్తాడు. తెల్లది మింగిన పిల్లని జిల్లా ఆసుపత్రికి మోసుకెళ్లాం. కయ్యం పుణ్యమా అని ఊళ్లో సవ్యంగా జరిగిన వైద్యం అదొక్కటే.

పరుగున వెళ్లి డాక్టరుకి చెప్పాను. "మిగతావాళ్లంతా సగాలు కోసుకున్నారు సార్. ఈ ఇంటి లెక్కే నిజం."

"అన్నీ సరిగ్గా అయిపోయాయని నువ్వే రాశావుగా?"

"రాశాను గానీ..."

"మరింకేం? నూట ఇరవై ఇళ్లు రెండు మందులూ ఒకటేనని చెప్తుంటే ఇదొక్కటే ఎదురు చెప్తోంది. ఏదో ఇంటి గొడవలా ఉంది. కొట్టెయ్."

ఉద్యోగం పోతుందని భయమేసింది. కొట్టేశాను.

రెండు మందులూ సమానమేనని నివేదిక వచ్చింది. పట్నంలో చప్పట్లు కొట్టారట. సమానమైనప్పుడు రెండెందుకని ఎర్రది ఆపేశారు.

వానలొచ్చాయి. అడోయో ఒళ్లు పెనంలా కాలిపోతోంది. క్లినిక్‌కి ఎత్తుకెళ్తే నర్సు రోజ్‌లైన్ తెల్ల మాత్రలు పొట్లం కట్టింది.

"ఎర్రవి ఒక్క పూటకైనా లేవా అక్కా?"

"రెండూ ఒకటేనటగా తమ్ముడూ! గోడమీద కాగితం చూడు. ఇంటింటికీ తిరిగి తేల్చినవాళ్లలో మొదటి పేరు నీదే."

నా మీద నాకే అసహ్యమేసింది. పాప భుజం మీద పళ్లు కటకటలాడిస్తూ వణుకుతోంది. చెయ్యి చాపి పొట్లం తీసుకున్నాను.